మునిలక్ష్మమ్మ పాటలో మూడో చరణం

మదనపల్లెలో మిషన్ ఆసుపత్రి గోడ వెంబడి నడుచుకుంటూ పోతే, జిరాక్సు అంగళ్లు మూడు దాటాక ఒక ఇరుకు గది వస్తుంది. బోర్డు మీద అక్షరాలు వెలిసిపోయాయి గానీ, లోపల కూచునే డేనియల్ గురించి అడిగితే ఆ వీధిలో ఎవరైనా చెబుతారు. ఆధార్ అప్లికేషన్లు, పెండ్లి పత్రికలు, చర్చివాళ్ల జ్ఞాపకార్థ కూడిక కరపత్రాలు, అన్నీ ఆయన చేతి మీదుగా పోవాల్సిందే. తన తెలుగు టైపులో తప్పు పట్టేవాడు ఇంకా పుట్టలేదని ఆయనకు గట్టి నమ్మకం. ఆ నమ్మకంలో అబద్ధమేమీ లేదు. మనిషికి కాస్త అతిశయం, అంతే.

ఆ అతిశయానికి అసలు కారణం పెండ్లి పత్రికలు కావు, ఒక కొంగ.

ఇంటర్నెట్ చూడాలంటే కంప్యూటర్లో బ్రౌజరు అని ఒకటి ఉండాలి కదా. లోకమంతా పెద్ద కంపెనీల బ్రౌజర్లు వాడుకుంటుంటే, డేనియల్ మాత్రం ఎక్కడో చలిదేశంలో నలభైమంది కూచుని చేసుకునే చిన్న బ్రౌజరును పట్టుకున్నాడు. దాని పేరు మన నోటికి తిరగదు. గుర్తుగా ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ బొమ్మ ఉండేది కాబట్టి ఆయన కొంగ అనే అన్నాడు. ఎవరి పేజీలూ తొంగిచూడదని, ఎవరి సంగతులూ ఎవరికీ అమ్మదని దానికి మంచి పేరు. పదిహేనేండ్ల కిందట ఆ కొంగకు తెలుగు రాదు. ఇష్టమున్నవాళ్లు మాటలు రాసి పంపితే పెట్టుకుంటామని వాళ్లడిగారు. డేనియల్ పంపాడు. ఒక మీట పేరు, ఒక హెచ్చరిక, ఒక క్షమాపణ, ఇలా వెయ్యికి పైగా వాక్యాలు, అన్నీ ఊరికే. దానికి ప్రతిఫలంగా లోపల ఎక్కడో అడుగున ఒక పేజీలో ‘తెలుగు: డేనియల్, మదనపల్లె’ అని వేశారు. ఎవరూ తెరవని ఆ పేజీని ఆయన అంగడికి వచ్చిన ప్రతివాడికీ తెరిచి చూపించేవాడు.

“జీతం లేదు గానీ హోదా మాత్రం కలెక్టరుది,” అని ఆయన భార్య జయశీల నవ్వేది. ఆమె ఆసుపత్రిలో నర్సు. ఇంకో రెండు నెలల్లో రిటైరు కావాల్సిన మనిషి, కరోనా రెండోసారి విరుచుకుపడిన ఆ వేసవిలో తొమ్మిది రోజులు జ్వరంతో ఉండి పోయింది.

ఆమెను పూడ్చేటప్పుడు అయిదుగురికి మించి రానివ్వలేదు. పాస్టరుగారు దూరంగా నిలబడి వాక్యం చదివారు. ప్లాస్టిక్ తొడుగులు వేసుకున్న వాళ్లు పని ముగించారు. మనవాళ్లు ఒక్కొక్కరూ వంగి పిడికెడు మన్ను వేసే ఆనవాయితీ ఉంది చూశారూ, అది కూడా వద్దన్నారు. డేనియల్ చేతులు కట్టుకుని, ఏడవడానికి కూడా ఎవరినైనా అడగాలేమో అన్నట్టు నిలబడి ఉన్నాడు. అప్పుడు సమాధుల గోడ అవతల నుంచి ఒక ముసలి గొంతు లేచింది.

“మా పిల్లల బొడ్డు కోసిన సేతులకు సెల్లెలా, పిడికెడు మన్నేసే సేతులే లేవే...”

ఆ గొంతు మునిలక్ష్మమ్మది. కురబలకోట దగ్గర గొర్రెలు మేపుకునే ఇంటి మనిషి. ఆమె కూతురు మునీశ్వరి మదనపల్లె మార్కెట్లో టమాటాలు ఏరే పనికి వచ్చి, ఒకరోజు గంప ముందే కూలబడి, ఆ ఆసుపత్రిలోనే కన్ను మూసింది. అప్పుడు మునీశ్వరి చెయ్యి చివరిదాకా వదలకుండా కూచున్న నర్సు జయశీల. ఆ రుణం మనసులో పెట్టుకుని, బస్సులు లేని రోజుల్లో, టమాటా బండి ఒకటి పట్టుకుని కొంతదూరం, నడిచి కొంతదూరం ఆ ముసలామె వచ్చింది. గేటు దగ్గర పోలీసులు ఆపితే గోడ చుట్టూ తిరిగి వెనక్కి పోయి పాడింది. డేనియల్ ఆ పొద్దు మొదటిసారి ఏడ్చాడు.

రాకపోకలు మొదలయ్యాక ఆయన కురబలకోట పోయాడు. ఇల్లు చిన్నది, పక్కన గొర్రెల దొడ్డి, మునీశ్వరి కూతురు రేవతి అప్పటికి తొమ్మిదో తరగతి చదువుతోంది. ఆ పాట రాసుకుంటానని డేనియల్ అడిగాడు.

“రాసుకోప్పా దానేలప్పా, అది మీ ఇంటి పాటే గదా,” అంది మునిలక్ష్మమ్మ. డేనియల్ అనే పేరు ఆమె నోట్లో మొదటినుంచీ అలాగే పలికింది. “కానీ ఇంగో ఇంట్లో పాడగూడదు. ఒకరికి కట్టిన పాట ఒకరికే.”

చుట్టుపక్కల నాలుగూళ్లలో ఎవరు పోయినా ఆమెను పిలిచేవారు. ఆమె పోయిన మనిషి దగ్గర కాసేపు ఊరికే కూచునేది. వాళ్ల చెప్పులు, వాళ్ల మంచం, వాళ్లు సగం తాగి పెట్టిన చుట్ట, అన్నీ చూసేది. అయిదు చరణాల పాట అప్పటికప్పుడు కట్టేది. పోయిన రోజు, మూడోనాడు, ఆ తర్వాత ఏటేటా అదే తేదీన ఆ ఇంట్లోనే ఆ పాట పాడాలి. అలా ఎందుకని డేనియల్ అడిగితే, పసిపిల్లవాడికి చెప్పినట్టు చెప్పింది.

“పాట ఇంటే వాళ్లు వస్తారు గదప్పా. మనోళ్లు పిలస్తాండారు అనుకోని వస్తారు. దాన్ని ఇంగోళ్లింట్లో పాడితే, పాపం, ఆ ఇంటికి పోతారు. ఆడ తెలిసిన మొగమే ఉండదు.”

డేనియల్ ఆదివారం తప్పకుండా చర్చికి పోయే మనిషి. చనిపోయినవాళ్లు పాట విని వస్తారంటే నమ్మడు. నమ్మకపోయినా, ఆ మాటకు ఎదురు చెప్పలేదు.

ఆమెకు వయసు డెబ్బై దాటింది, పాటలు కలిసిపోతున్నాయి. ఒకరి చరణం ఇంకొకరికి పోతుందేమో అన్నది ఆమె భయం. ఏటా ఏ ఇంటికి పోవాలో, ఏ పాట పాడాలో ఎవరైనా ముందు రోజు వినిపిస్తే చాలునంది. ఆ పని డేనియల్ నెత్తిన వేసుకున్నాడు. వారానికొకసారి పోయి కూచుని, ఆమె చెప్పినవి చెప్పినట్టు టైపు చేశాడు. వాటికొక వెబ్‌సైటు కట్టాడు. ఒక్కో పాటకు ఒక్కో తాళం, ఆ తాళం ఆ ఇంటివాళ్లకే. బెంగళూరులో పనికి పోయిన కొడుకులు ఆ తేదీన ఫోన్లో తెరుచుకుని చదువుకునేవాళ్లు. మూడేండ్లలో నూట నలభై పాటలయ్యాయి. అన్ని తాళాలూ తెరవగలిగినవాడు డేనియల్ ఒక్కడే.

“ఎవురికీ పోదు గదా?” అని ఆమె ప్రతిసారీ అడిగేది.

“నా ప్రాణం ఉండేంతవరకు పోదమ్మా,” అనేవాడు ఆయన. జయశీల పోయాక మిగిలిన బతుక్కి ఆ మాట ఒక పనిలా దొరికింది. మనిషి మళ్లీ గడ్డం గీసుకోవడం మొదలుపెట్టాడు.

ఇంతలో కొంగకు కొత్త రెక్కలు వచ్చాయి. ఒకరోజు అనువాదానికి నలభై వాక్యాలు పంపారు. బ్రౌజర్లో ఇకమీదట ఒక సహాయకుడు ఉంటాడట, అడిగింది చెబుతాడట, రాయమంటే రాస్తాడట. అందులో ఒక వాక్యం ఇంగ్లీషులో మూడు వరుసలు, రాళ్లలా ఉంది. డేనియల్ రెండు రోజులు దాన్ని పిసికాడు. చివరికి ఇలా రాశాడు: ‘మీరు చదివే పేజీల నుంచి మీ సహాయకుడు నాలుగు మాటలు నేర్చుకుంటాడు. సరేనా?’ కింద మీట మీద ‘సరే’. చదివి చదివి మురిసిపోయాడు. జయశీల ఉండి ఉంటే చూపించేవాడు. కొత్త కొంగ వచ్చిన రోజు ఆ వాక్యం తన తెర మీదే మొదట కనబడింది, తన తెలుగు తనను అడిగింది. ఎలా కాదంటాడు? సరే అని నొక్కి, పాటల సైటు తెరిచి, తప్పులు దిద్దుకునే పనిలో పడ్డాడు. ప్రతి మధ్యాహ్నం అదే పని. తాళాలన్నీ తీసి, ఒక్కో పాటా ఆ సహాయకుడి ముందు తనే పరిచాడు. అప్పట్లో ఆయనకు అది తెలియదు.

ఏడాది గడిచింది. పుంగనూరులో బట్టల అంగడి ముద్దుకృష్ణ వాళ్లమ్మ వరలక్ష్మమ్మ పోయింది. మునిలక్ష్మమ్మ పేరు విని కబురంపారు. ముసలామె డేనియల్‌ను తోడు తీసుకుని బస్సులో పోయింది. వీధి మొదట్లోకి వచ్చేసరికి మైకులో ఒక ఆడగొంతు ఏడుస్తోంది. తీరైన గొంతు, మధ్యమధ్యలో ఎక్కిళ్లు కూడా సరిగ్గా పడుతున్నాయి.

“తమాట గంపకింద నీ సెప్పులుండాయి వరలచ్చుమమ్మా, కాళ్లు యాడబెట్టి పోయినావే...”

వరలక్ష్మమ్మ పట్టుచీర తప్ప కట్టని మనిషి, టమాటా గంప పక్కన ఏనాడూ కూచున్నది కాదు. అయినా అక్కడున్న ఆడవాళ్లంతా కొంగులు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నారు. మునిలక్ష్మమ్మ నడుస్తున్నదల్లా ఆగిపోయింది. అది మునీశ్వరి పాట. ఆమె కూలబడ్డ రోజు మార్కెట్లో గంప కింద దొరికిన చెప్పులు చేతిలో పట్టుకుని తల్లి కట్టిన చరణం.

ముసలామె లోపలికి పోలేదు. వెనక్కి తిరిగి బస్టాండుదాకా నడిచింది. బస్సులో మదనపల్లె వచ్చేంతవరకు కిటికీలోంచి పుంగనూరు వైపే చూస్తూ కూచుంది.

“నా బిడ్డ ఆ ఇంటికి పొయ్యింటాదప్పా,” అంది దిగేముందు. “పాట ఇని వచ్చింటాది. అందరూ పట్టుసీరలోళ్లు. ఎవురూ దానికి తెలీదు. యాడ నిలబడిందో ఏమో.”

అంతే అంది. ఎవరు ఇచ్చారని అడగలేదు. అడిగి ఉంటే డేనియల్‌కు ఇంకా తేలికగా ఉండేది.

మర్నాడు డేనియల్ ముద్దుకృష్ణను ఫోన్లో అడిగి, ఆ పాట చేసినవాణ్ని వెతుక్కుంటూ కుప్పం పోయాడు. బస్టాండు పక్క వీధిలో కుమార్ అనే యువకుడి ఫోటో స్టూడియో. పుట్టినరోజులకు, పెండ్లిళ్లకు, చావులకు కోరిన పాట ఫోన్లోనే చేసి ఇస్తాడు. డేనియల్ పోట్లాడటానికే పోయాడు గానీ, ఆ పిల్లవాడు కుర్చీ వేసి టీ తెప్పించేసరికి నోరు రాలేదు.

“నేను దొంగతనం చేసే మనిషిని కాదు సార్,” అన్నాడు కుమార్ సంగతి విని. “ఫోన్లో ఏఐ ఉండాది గదా, దానికి పేరు, వయసు, ఊరు చెప్పినా. మన పక్క ఆడోళ్లు ఏడ్చే మాదిరి కట్టమన్నా. అరనిముషంలో కట్టి ఇచ్చింది. అది యాడినుంచి తెస్తాదో నాకెట్ల తెలుస్తాది?”

“ఇంకోటి కట్టమను,” అన్నాడు డేనియల్.

“ఎవరికి సార్?”

డేనియల్ టీ గ్లాసు కింద పెట్టాడు. “ఎవరో ఒకరు. ఒక నర్సమ్మకి అను.”

కుమార్ టైపు చేశాడు. అరనిముషం కూడా పట్టలేదు. ‘మా పిల్లల బొడ్డు కోసిన సేతులకు సెల్లెలా, పిడికెడు మన్నేసే సేతులే లేవే.’ పుట్టనైనా పుట్టని ఒక నర్సు కోసం, సమాధుల గోడ అవతలి పాట కుప్పంలో ఆ చిన్న గదిలో మోగింది. చనిపోయినవాళ్లు పాట విని వస్తారని నమ్మని ఆ మనిషి తలుపు వైపు చూశాడు. అలా చూసినందుకు సిగ్గుపడి, తల వంచుకుని ఏడ్చాడు. కుమార్ ఫోను బోర్లించి, ఏం చెయ్యాలో తోచక బయటికి పోయి నిలబడ్డాడు.

ఇంటికి వచ్చి కొంగను విప్పి చూశాడు. సెట్టింగుల్లో నాలుగు తలుపులు దాటాక ‘సహాయకుడు నేర్చుకున్న పేజీలు’ అని ఉంది. ఆ మాటలు కూడా తనవే. కింద వరుసగా నూట నలభై పాటలు. ప్రతి పాట పక్కనా తేదీ, ‘మీ అనుమతితో’ అన్న ముక్క.

కొంగవాళ్లలో పదిహేనేండ్లుగా తనకు ఉత్తరాలు రాసే మనిషి ఒకామె ఉంది. ఆమెకు రాస్తే నిజాయితీగానే జవాబిచ్చింది. ఇన్నాళ్లూ తమకు తిండి పెట్టింది ఒక పెద్ద కంపెనీయేనట. దాని సెర్చి పెట్టెను బ్రౌజర్లో ముందు ఉంచుకున్నందుకు ఏటా ఇచ్చే సొమ్మే తమ జీతాలట. ఆ సొమ్ము నిలిచిపోయింది, కొత్త యజమాని వచ్చాడు, మాటల యంత్రం చేసే ఇంకో కంపెనీతో ఒప్పందం కుదుర్చుకున్నాడు. పేజీలు అక్కడికి పోయాయి, ఆ యంత్రమే ఇప్పుడు ఎందరి ఫోన్లలోనో ఉందట. నలభైమందిలో మిగిలింది తొమ్మిదిమంది, తనకూ ఈ నెలే ఆఖరు. చివర ఇలా రాసింది: అది నేర్చుకున్నదాన్ని మళ్లీ దాని చేత మరిపించే దారి మాకు తెలియదు, క్షమించండి. ఎవరి సంగతులూ తొంగిచూడదన్న కొంగ ఇన్నాళ్లూ ఎవరి చెరువులో నిలబడి బతికిందో డేనియల్‌కు అప్పుడు తెలిసింది. ఆయనకు ఆమె మీద కోపం కూడా రాలేదు.

మదనపల్లె కోర్టులో ప్రతాప్ అనే వకీలు తెలిసినవాడు. కేసు వేద్దామని పోయాడు. ప్రతాప్ ఓపికగా విని కాగితం మీద పెన్ను ఆడించాడు.

“కాపీరైటు కింద పోవాలన్నా. కానీ ఆయమ్మ పాడింది, నువ్వు రాసినావు. రాతలో ఉండేది నీ చెయ్యి, పాట ఆమెది. మళ్లా సరే అని నొక్కింది నువ్వే. వాళ్లేమో మేము పాటను దాచుకోలేదు, నేర్చుకున్నాం అంటారు. అమెరికాలో పేపరోళ్లు, పుస్తకాలు రాసేటోళ్లు ఇదే గొడవ మింద కోర్టుల్లో ఉండారు. ఢిల్లీలో కూడా దీని మింద కమిటీ అంటాండారు. ఈ ఏడుపు పాటల మాట యాడా లేదు.” కాగితం సరిచేసుకుని అడిగాడు. “సరే, కేసు ఏద్దాం. మొదట హక్కు ఎవరిదని రాయాల?”

ఆ ప్రశ్న పట్టుకుని డేనియల్ కురబలకోట పోయాడు. పోకుండా ఉండే దారి కోసం వారంరోజులు చూసి, దొరక్క పోయాడు.

మునిలక్ష్మమ్మ దొడ్డి గోడకు ఆనుకుని కూచుంది. ఆయన నిలబడే చెప్పాడు. పాటలు దొంగ ఎత్తుకుపోలేదని, కంప్యూటరు తనను అడిగిందని, తను సరే అన్నాడని చెప్పాడు.

“ఏమని అడిగింది?” అంది ఆమె.

ఆయన ఆ వాక్యం చెప్పాడు. నాలుగు మాటలు నేర్చుకుంటాడు, సరేనా అని.

“మర్యాదగానే అడిగిందే. ఎవురు రాసినారో గానీ బాగా రాసినారు. నేనైనా సరే అనిందును.”

“నేనే రాసినానమ్మా.”

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. గొర్రెలు దొడ్డిలో కదులుతున్నాయి. తిడుతుందేమోనని ఆయన ఎదురుచూశాడు, తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు. చివరికి వకీలు అడిగిన మాట అడిగాడు, హక్కు ఎవరిదని రాయమంటావని.

“నాది కాదప్పా,” అంది. “సచ్చినోళ్ల పాట సచ్చినోళ్లదే. మునీశ్వరిది అని రాయమను. మీ జయశీలమ్మది అని రాయమను. ఒగొగరి పేరూ రాయమను. వాళ్లు వచ్చి అడగలేరనే గదా ఇదంతా.”

ప్రతాప్ ఆ మాట విని పెన్ను కింద పెట్టేశాడు. కేసు అక్కడితో ఆగిపోయింది.

డేనియల్ నూట నలభై పాటలూ కాగితం మీద అచ్చు తీశాడు. ఒక్కో ఇంటికీ పోయి వాళ్ల పాట వాళ్ల చేతికిచ్చి, సైటు చెరిపేశాడు. కొంగను తీసేశాడు. తంబళ్లపల్లె పక్క పల్లెలకు బస్సులు మారి మారి పోయి వచ్చేసరికి నెల పట్టింది. జయశీల పాట తన బైబిల్లో పెట్టుకున్నాడు. మునిలక్ష్మమ్మ ఆ తర్వాత ఎవరు పిలిచినా పోలేదు. “ఇంగ నేను యాల? అది ఉండాది గదా,” అనేది. మాటలో కోపం లేదు, అలిసిపోయి అన్నట్టుండేది.

నాలుగు నెలలకు ఆమె దగ్గర్నుంచి కబురు వచ్చింది. రేవతిని పనిమీద ఊళ్లోకి పంపి, ఆయనను దొడ్డి గోడ దగ్గర కూచోబెట్టుకుంది.

“నా పాట నేనే కట్టుకున్యా. ఇంటోళ్లు ముందుగా ఇనగూడదు, అందుకే ఆ పిల్లను పంపించినా. నువ్వు నేర్సుకో.”

“నా చేతిలో పెడతావా అమ్మా, ఇంకా?” అన్నాడు ఆయన.

“సేతిలో పెట్టడంలేదు. నోట్లో పెడతాండా. రాయొద్దు. మిషన్లో వద్దు, కాగితంలో వద్దు.”

అయిదు చరణాలు. ఆయన గొంతుకు రాగం పట్టదు, అయినా ఆమె విడవలేదు. ఒక్కో చరణం ఇరవైసార్లు అనిపించింది. మూడో చరణం దగ్గర ఆమె ఆయన భుజం మీద చెయ్యి వేసి చెప్పింది. ఆ మధ్యాహ్నం నుంచి డేనియల్ అంగట్లో, బస్సులో, చర్చి మెట్ల మీద అదే గొణుక్కునేవాడు. ప్రార్థన చేసుకుంటున్నాడని అందరూ అనుకున్నారు.

వానలు వెనకబట్టిన నెలలో ఆమె పోయింది. ఆమె పాట ఎవరు పాడతారోనని ఊరంతా వచ్చింది. డేనియల్ ముందుకు రాగానే ఫోన్లు పైకి లేచాయి. ఆయన నోరు మూసుకుని నిలబడ్డాడు. సంగతి అర్థమై రేవతి లేచింది. ఏడుస్తూనే ఒక టమాటా గంప తెచ్చి, ఒక్కొక్కరి ముందూ పట్టింది. పెద్దా చిన్నా అందరూ ఫోన్లు గంపలో వేశారు. అప్పుడు పాడాడు. రాగం తప్పింది, మాట తప్పలేదు. ఆఖరి చరణంలో ‘ఏడవొద్దు బిడ్డా, ఏడ్సు బిడ్డా, ఏడ్సినంతసేపే ఈడుంటా’ అన్నప్పుడు రేవతి గుండెలు బాదుకుంటూ ఒరిగిపోయింది. మూడోనాడు పాడే వేళకు ఆ పిల్ల జ్వరంతో లోపల పడుకుని ఉంది. విన్నవాళ్లకు ఏడుపులో ఒకటీ అరా మాట తప్ప నిలవలేదు, పాట మొత్తంగా డేనియల్ నోట్లో తప్ప ఇంకెక్కడా లేదు.

ఏడాది తిరిగింది. ఆ తేదీన డేనియల్ తెల్లచొక్కా వేసుకుని కురబలకోట పోయాడు. రేవతి ఇప్పుడు మదనపల్లెలో డిగ్రీ చదువుతోంది, ఇల్లు అలికి దీపం పెట్టి ఉంచింది. పదిమంది ముసలి ఆడవాళ్లు వచ్చి కూచున్నారు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

“అందరికీ ఏడ్చిన నోరే, ఆరిపోయిందే ఈ పొద్దు.

ఇంటింటి గడప నాకు తెలుసునే, నా గడప నాకు తెలీదే.”

ఆ తర్వాత ఏమీ లేదు.

మళ్లీ మొదటినుంచి అందుకున్నాడు. మళ్లీ అక్కడే ఆగింది. నాలుగో చరణం వస్తోంది, గొర్రెలు మళ్లినాయి రేవతీ అని. అయిదోదీ వస్తోంది. మూడోది ఉండాల్సిన చోట దొడ్డి గోడ కనబడుతోంది, ఎండ కనబడుతోంది, తన భుజం మీద ఆమె చేతి బరువు తెలుస్తోంది. మాటలు లేవు. నెల కిందట కూడా ఉన్నాయి, ఆయన ఒట్టేసి చెప్పగలడు. మరి నిన్న? నిన్న గొణుక్కున్నాడో లేదో గుర్తు లేదు. వెతకడానికి కాగితం లేదు, కంప్యూటరు లేదు. ఎక్కడా ఉంచకుండా తనే కాపాడాడు.

“పాట ఇరిగితే ఎట్లప్పా,” అంది ఒక ముసలామె మెల్లగా. “ఆయమ్మ వాకిట్లో నిలబడి పోతాది గదా.”

రేవతి ఆయన పక్కకు వచ్చి కూచుంది. చేతిలో ఫోను ఉంది. అడగడానికి భయపడుతూ అడిగింది. “సార్, అవ్వ పాటలన్నీ దానికి వచ్చు గదా. రెండు చరణాలు జెప్పి, తరువాతిది ఏముంటాదని అడగనా?”

వద్దనాలి. వద్దనడానికి ఆయనకంటే తగిన మనిషి భూమ్మీద లేడు. ఈ పాట అది ఏనాడూ వినలేదని, అది చెప్పేది ఆమెది కాదని ఆయనకు తెలుసు. కానీ వాకిట్లో ముసలమ్మ నిలబడి ఉందన్న మాట చెవిలో ఉంది. ఆ చరణం కావాలని ప్రాణం కొట్టుకుంటోంది.

“సరే,” అన్నాడు.

రేవతి టైపు చేసి, తెర వైపు చూసి, చదివింది.

“ఊరందరి పాటలు మోసినానే, నా పాట మోసే బుజం యాడుండాదే.”

పదిమంది ఆడవాళ్లూ ఒక్కసారిగా ఏడ్చారు. డేనియల్ చెయ్యి తనకు తెలియకుండానే భుజం మీదికి పోయింది. ఆమె చెయ్యి వేసింది అక్కడే. ఆ మాట అన్నప్పుడే వేసిందా? భుజం అన్నందుకే వేసిందా? లేక ఊరికే, ముసలి చెయ్యి అలిసిపోయి వేసిందా? అచ్చం ఆమె కట్టినట్టే ఉంది. ఆమె పాటలు నూట నలభై తిన్న యంత్రం ఆమెలా కట్టకపోతే ఎలా కడుతుంది? ఇది ఆమెదో కాదో చెప్పగలిగిన మనిషి ఒక్కడే ఉన్నాడు, అతనికి తెలియడం లేదు.

“ఇదేనా సార్, అవ్వది?” అంది రేవతి. కళ్లలో నీళ్లు, ముఖంలో ఆశ.

ఆయన ఆ పిల్ల ముఖం చూశాడు. “అదేనమ్మా,” అన్నాడు.

నాలుగోదీ అయిదోదీ డేనియల్ చెప్పగా విని, రేవతి పాట అందుకుంది. అయిదు చరణాలూ చక్కగా, గొంతు తెరిచి పాడింది. డేనియల్ పెదవులు కదిపాడు.

సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూచుని, మొదటినుంచి మెల్లగా అనుకోవడం మొదలుపెట్టాడు. అసలు చరణం ఇంకా లోపల ఎక్కడో ఉంటుందని, ఒంటరిగా ఉంటే పైకి వస్తుందని ఆయన ఆశ. మొదటిది వచ్చింది. రెండోది వచ్చింది. మూడో చోట ఫోను చెప్పిందే వచ్చింది. దారిలో అంగళ్లు అనే ఊరు దాటేలోగా ఇంకో మూడుసార్లు ప్రయత్నించాడు. ప్రతిసారీ అదే వచ్చింది, అదీ మునిలక్ష్మమ్మ గొంతుతోనే.